ఎర్రగడ్డకు కఫీల్ లేడు

ఫర్వానియా సందులో తెల్లారుజామున
మస్తాన్‌వలి మామ షట్టరెత్తితే
ఇనుము ఆవులించినట్టు చప్పుడు.
నేను గోతాం మూతి కోస్తా, లెక్కపుస్తకం తెరుస్తా.
చెవి మీద పెన్సిలు, ముక్కులో ఎర్రగడ్డ ఘాటు.
బీకాం తప్పినోడికి దొరికిన కొలువు.

ఆ వారం ఓడ రాలేదు.
కిలో నూటెనభై ఫిల్సున్నది నాలుగువందలకెక్కింది.
నాలుగోనాడు చల్లటి కారు దిగి
ఒకాయన గోడకు కాగితం అంటించి పోయినాడు:
రెండువందల యాభై. మించితే జరిమానా.

మధ్యాన్నానికి బజారంతా ఎర్రగడ్డ మాయం.
దొంగలు పడలా, గాలి లేయలా.
వెనక తలుపు కాడ, అట్టపెట్టెల కింద,
బకాలావాడి మంచం కింద
ఐదువందలకు గుసగుసగా దొరికింది.
ముందు వాకిట్లో మాత్రం వరస.
ఖద్దామా పనికొచ్చిన రాజంపేట ఆడోళ్ళు ముగ్గురు
ఎండలో సంచులు నెత్తినేసుకొని నిలబడి నిలబడి
గోడమీద ధర చదువుకొని పోయినారు.

"చూసినావా ఓబులేసూ" అన్నాడు మామ,
"ధరంటే నోరురా. సరుకు లేదని అరిచే నోరు.
దాన్ని మూస్తే అరుపు ఆగుతాది, ఆకలి ఆగుతాదా?
తక్కెడ ముల్లును వేలితో పట్టుకొని
సరితూగిందంటే సరేనా?
నాలుగువందలని వినపడితేనే గదా
మిసిర్‌లో యాడో మనల్నెరగనోడు
నిద్దర మానుకొని మనకోసం గోతాలు కుట్టేది.
ప్రేమ కాదురా వాడికి. లాభం.
ఆ లాభమే మన పొయ్యిమీది కూర.
మదనపల్లె మండీలో టమాటా రూపాయికి పడి
మా నాయన రోడ్డుమీద పారబోసిన దినం
ఏ దొరా వచ్చి కాగితం అంటించలేదే!"

ఆ మాటలు నాకు నచ్చినాయి.
లెక్కపుస్తకం చివరి పేజీలో రాసుకున్నా,
అప్పుల కింద.

పదైదు దినాలకు, ఎదురు జమియా మేనేజరు
టీ తాగతా అడిగినాడు: నీకెంత ఇస్తాడు?
ఎనభై దినార్లన్నా.
నూటిరవై ఇస్తా, రా అన్నాడు.
పుట్టినాక మొదటిసారి నా ధర పెరిగింది.
గ్లాసు కింద పెట్టకుండానే పరిగెత్తినా.
"మామా, నేను నాలుగువందలకెక్కినా!"

నవ్వినాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.
"నీ అకామా అబూ ఫహద్ పేరు మీదుండాదిరా.
మూడేండ్లు నిండందే రిలీజు ఇయ్యడు. రూలు రూలే."

"ఆ రూలు గూడా గోడమీది కాగితమే గదా మామా?"

మామ తక్కెడ తుడిచినాడు.
తుడిచిందే మళ్ళీ తుడిచినాడు.
చాలాసేపటికి, తక్కెడతో చెప్తున్నట్టు:
"ఈ అంగడి గూడా నా పేరున లేదు.
ఎర్రగడ్డ అమ్మినా కుళ్ళినా
నెలకు నూటాయాభై, ఆయన పేరుకు బాడిగ.
పద్దెనిమిదేండ్లు. లెక్క నువ్వే రాస్తాండావు గదా."

అవును, నేనే రాస్తాండా.
'ఇతర ఖర్చులు' అని.

రాత్రి ఇద్దరం గోతాల మీద కూర్చున్నాం.
యాభై ఫిల్సుకు సర్కారు రొట్టెల సంచి.
నేనొచ్చినప్పుడు గూడా యాభయ్యే.
ఆ ధరను మామ ఏనాడూ తిట్టగా వినలా.
పిడికిలితో ఎర్రగడ్డ చితక్కొట్టి సగం నాకు తోసినాడు.
కండ్లు మండినాయి. ఘాటుకే.

మొన్న ఓడ వచ్చింది,
ఆ నాలుగు దినాల అరుపు విని బయలుదేరిన ఓడ.
ధర రెండువందలకు దిగింది.
గోడమీద కాగితం రెండువందల యాభై అంటానే ఉంది,
ఒక మూల ఊడి, ఏసీ గాలికి రెపరెపలాడతా.

గోతాం మీద చదవలేని ఊరి ముద్ర.
ఎన్ని రేవులు తిరిగిందో,
యాడ ధర పలికితే ఆడికి.
ఎవర్నీ సంతకం అడగలా.

ఒక్కోటి చేతిలోకి తీసుకొని, మన్ను దులిపి
తూకంలో ఏస్తాండా.