పక్కు

తిత్లీ తుపాను వదిలేసిన జీడిచెట్టు ఇది,
సగం మోడు, సగం పూత.
బెరడు మీద తెల్లగా, పలుచగా
గోటితో గీకినా ఊడిరాని పక్కు.

"తెగులేటి?" అంది మడ్డు తవిటమ్మ.
కాదన్నాను. లైకెన్ అన్నాను.
నాచూ బూజూ కలిసి కట్టిన కాపురమన్నాను.
"సెట్టుకి అద్దె ఎవులిత్తారు?"
నా నోట్సులో అది లేదు.

భూతద్దం కంటికి ఆనాలి, మొహం చెట్టుకు ఆనాలి.
తెల్ల నేల మీద నల్ల గీతలు,
కొన్ని చీలి, కొన్ని ఎర్రలా మెలిక తిరిగి,
తొందరపడ్డ కరణం గిలుకుడు.
ఇంతవరకూ చూస్తే ప్రజాతి తెలిసినట్టే: గ్రాఫిస్.
అసలు తగువు ఆ తరవాతే.
గీత పెదవులు మూసిందా, తెరిచిందా?
అంచు మసి అడుగుదాకా దిగిందా, పైపైనేనా?
బీజంలో గదులెన్ని?
అది కాలేజీలో, సూక్ష్మదర్శిని కింద,
కరెంటున్న పూట.

ఇక్కడ చేతనైంది ఒక్కటి.
సీసాలోంచి పొటాష్, ఒక్క చుక్క.
పసుపు.
ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను.
ఎరుపు.

"పారాణి!" అంది తవిటమ్మ,
పసుపులో సున్నం పడితే ఏమవుతుందో
నాకంటే ముందు తెలిసిన మనిషి.
భూతద్దం లాక్కుని చాలాసేపు చూసింది.
తరవాత తన బొటనవేలు దాని కింద పెట్టింది.

"ఇందులో ఏటన్నా అగుపిస్తే సెప్పు."

కాశీబుగ్గ బట్టీలో పాతికేళ్ల జీడిగింజలు.
తొక్కలోని నూనె చర్మాన్ని తిని
వేలికొన నున్నగా మెరుస్తోంది,
టెక్కలి రాయిని సానపట్టినట్టు.
ఎంత వెతికినా ఒక్క గీత లేదు.

"బియ్యం బండికాడ ఐదుమాట్లు నొక్కిత్తాడు.
నువ్వు నువ్వు కాదంటాది మిసను.
ఆకరికి కన్ను సూపించమంటాడు."
నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బెరడు ముక్క పొట్లంలో పెట్టి పైన రాశాను:
మందస దారి, జీడిమాను, నడుమెత్తున, ఉత్తరం వైపు.
పొటాష్: పసుపు, ఆపై ఎరుపు.
ప్రజాతి: గ్రాఫిస్.
జాతి:

"అక్కడేటి కాళీ?"
జాతి ఇంకా తేలలేదన్నాను.
"ఓలమ్మ, దీన్నీ జాతి అడుగుతారేటి!"

నా వేళ్లకు బంక అంటింది. అదే ముందు చూసింది.
కొంగు ముడి విప్పి చిటికెడు బూడిద తీసి
ఒక్కొక్క వేలికీ రుద్దింది,
గీతలు పోకుండా.