చుట్టుకొలత

మన్ననూరు దాటినంక మూడో కల్వర్టు కాడ
బండి దిగి నడవాలె.
టేపు నా దగ్గర, కొడవలి ఈదమ్మ దగ్గర,
నీళ్ల డబ్బా ఇద్దరిదీ.

హెక్టారు ముక్క. నాలుగు మూలల నాలుగు రాళ్లు.
లోపల ఆరువందల పన్నెండు చెట్లు,
ఒక్కోదానికి ఓ మేకు, ఓ రేకుబిళ్ల, ఓ నంబరు.
ఏడాదికోసారి వచ్చి
దర్జీ పెండ్లికొడుకును కొలిచినట్టు
రొమ్మెత్తున కొలిచి పోవుడే నా కొలువు.

ఈదమ్మ ఇంటిపేరు చిగుర్ల.
ఆమెకు నంబర్లు రావు, నాకు చెట్లు రావు,
మొదటేడు అట్లనే పొత్తు కుదిరింది.
"రెండొందల పద్నాలుగు" అంటే
"నల్లమద్ది. దీని తొర్రల మా మామ తేనె దీసిండు" అంటది.
నా కాగితంల తేనెకు గడి లేదు.

ఆ రెండొందల పద్నాలుగు
మొదటేడు నూటా నలభై ఒకటి పాయింట్ రెండు,
మరుసటేడు పాయింట్ నాలుగు,
వానలు మొకం చాటేసిన ఏడు
నూటా నలభై ఒకటే.
తగ్గింది.
టేపు సాగిందేమోనని మళ్ల కొలిచిన.
ఆఫీసుల సారు "రాత తప్పు" అని
ఎర్రసిరాతోని గుండ్రం చుట్టిండు.
చెప్తే ఈదమ్మ నవ్వింది:
"పస్తున్న ఏడు నా గాజులు మోచేతి దాక జారుతయ్.
ఎవరన్న ఎర్రసిరా చుట్టిండ్రా?"

మేం వచ్చే వారమే ఇప్పపువ్వు రాలేది.
చెప్పులకు అంటుకునేది, టేపుకు అంటుకునేది,
ఇంటికి పోయినా చేతులు తియ్యగ వాసనొచ్చేవి.
ఈసారి శివరాత్రికే రాలిపోయిందట.
మేం వచ్చేసరికి ఎండి, నల్లబడి, చీమలపాలు.
"ఎలుగుకు తెల్వదు పాపం," అన్నది,
"పాత తారీఖుకే వస్తది."
ఆమె తారీఖు అన్నది గాని
ఆమె ఇంట్ల క్యాలెండర్ లేదు,
అన్ని సంవత్సరాలు ఆ చెట్టే క్యాలెండర్.

గడ్డి లెక్కకు ఓ మీటరు మేర తాడు పరుస్తం.
అప్పట్ల బోద ఒరిగి తాడును దాచేది,
వెతుక్కునేటోళ్లం.
ఇప్పుడు నాలుగు దిక్కులా తాడే కనవడ్తది.
నడుమ తలంబ్రాల పొద పిల్లలు, దండతులసి, ఉత్త మట్టి.
గాలిల బొగ్గు ఎక్కువైతే
కంపకు బలుపు, గడ్డికి పస్తు అంటడు సారు.
యాడనో సముద్రాల అవతల చిమ్నీలు మండితే
ఆ పొగ తిని ఈడ పొద ఒళ్లు చేస్తున్నది.
ఈదమ్మ పొయ్యిల మాత్రం మూడు పుల్లలు,
అవి కూడ రాలినవే.

కేతావత్ సోమ్లా దారిల కలిసిండు.
పొడతూర్పు ఆవులు, నిరుడు ముప్ఫై రెండు,
ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.
"మీ టేపుతోని మా ఆవుల డొక్కలు కొలువు సారూ" అన్నడు.
నేను సారును కాదని చెప్పలేదు.

చచ్చిన చెట్టుకు మా కాగితంల ఒక్కటే అక్షరం.
ఈసారి పందొమ్మిది సార్లు రాసిన.
వెదురు పెళ కింద ఏగిసలు మూడు
నిలబడే ఎండినయ్,
బిళ్లలు ఇంక గాలికి టింగుమంటున్నయ్.
కొత్తగ నంబరుకొచ్చినవి ఏడే:
ఐదు సండ్రలు, రెండు సోమిలు.
నీళ్లడగని జాతి, నీడ ఎక్కువియ్యని జాతి.
అడివి పోదు గావచ్చు,
వేరే అడివి అయితది.
ఈ మాట రాయనీకి కూడ గడి లేదు.

పొద్దు వాలంగ ఆఖరుకు ఎనభై ఎనిమిది,
వాగొడ్డు పెద్దేగి.
దాని బిళ్ల కనవడలేదు.
తడిమితే తెలిసింది,
బెరడు పెదవి లెక్క పెరిగి
రేకును సగానికి పైగ మింగింది.
ఒక్క ఎనిమిది మిగిలింది, అదీ అంచు మాత్రమే.

మేకు పెరికి కొత్తది కొట్టాలె, అది రూలు.
సుత్తె తీసిన.
ఈదమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"తిననియ్ బిడ్డా,
ఆకలైందేమో."