రెండు నిమిషాల బండి

కాజీపేటల మూడో ప్లాట్‌ఫారం.
రేకుల మీద కాకి గూడ నిలవని మే నెల.
జనరల్ డబ్బా కిటికీల నుంచి
చేతులు ముందొస్తయ్, మొఖాలు తర్వాత.

నా చేతిల పైపు.
లోకోషెడ్డుల రిటైరైన యాకూబ్ తాత డ్రమ్ము కాడ,
బీడీల చాట పక్కకు పెట్టొచ్చిన కొంరమ్మ బకెట్ తోని.
మమ్ముల ఎవ్వలు రమ్మనలే.
రాకుంటే అడిగేటోళ్లు గూడ లేరు.
అయినా పదకొండున్నరకల్లా
ఓవర్‌బ్రిడ్జి మెట్ల మీద కొంరమ్మ చెప్పుల టపటప.

ఇయ్యాల ఒక పిలగాడు
ఆకుపచ్చ సీసా ఇచ్చిండు, మూత పోకుంట దారం కట్టుకున్నడు.
సగం నిండిందో లేదో, బండి కదిలింది.
ఉరికిన.
చెయ్యి అందలే.
నీళ్లన్నీ నా అంగీ మీదనే.

అప్పటిసంది ఆ సీసా నన్నే చూస్తున్నది.

"వానికి డోర్నకల్ల ఎవలో ఇస్తరు తియ్యి" అన్నడు తాత,
డ్రమ్ముల చెంబు ముంచుకుంటనే.

నాలుగింటికి బల్లార్షా బండి.
అంచు దాక నింపి ఒక ముసలమ్మకు అందిచ్చిన.
దారం చూసి నవ్వింది.
తను తాగలే.
పక్కన ఏడుస్తున్న పోరని మూతికి పెట్టింది.

ఆ పోరడు ఆమెకేమైతడో
అడిగేలోపే బండి పోయింది.