పావు పరుగు

శనివారం రైల్వే గ్రౌండుల యాకయ్యకు శాలువా కప్పుతరు.
జ్ఞాపిక మీద ఏం చెక్కియ్యాల్నో రాసియ్యమని
సెక్రటరీ మురహరి కబురు పంపిండు.

పద్నాలుగు సీజన్ల స్కోరు పుస్తకాలు
నా మంచం కింద ఇనుప ట్రంకుల ఉన్నయి.
ఒకదాన్ని చెదలు సగం తిన్నయి.
ఇంకోదాంట్ల నా మనవరాలు ఏనుగును గీసింది,
దాని కాళ్ల కింద మూడు మెయిడెన్లు.

బువ్వ తిని లెక్కకు కూసున్న.

గజ్జెల యాకయ్య, లోకోషెడ్డు జట్టు.
వికెట్లు నాలుగు వందల ఇరవై.
ఇచ్చిన పరుగులు పదివేల ఐదు వందలు.
వికెట్టుకు ఇరవై ఐదు, శేషం సున్న.
ఇంత శుభ్రంగ తెగిన భాగహారం
కాజీపేట బుకింగు కౌంటర్ల
ముప్పై ఏండ్లు కూసున్నా చూడలే.

తర్వాత లీగంతా.
ఆరు జట్లు, బంతి పట్టిన ప్రతి చెయ్యి:
ఐదువేల ఆరు వందల వికెట్లు,
లక్షా ఇరవై రెండువేల ఆరు వందల నలభై పరుగులు.
సగటు ఇరవై ఒకటి పాయింట్ తొమ్మిది.

బౌలింగుల తక్కువోడే గొప్పోడు.
యాకయ్య సగటుకు మూడు పరుగులు వెనక.

ఫోన్ల చెప్తే మురహరి నవ్విండు.
"నాలుగు వందల ఇరవై అని చెక్కిస్తే జనం ఏమనుకుంటరు?
అంకెలొద్దు తియ్యి.
సేవలకు గుర్తుగా అని రాయి, గంతే."

నాకూ అదే రాసిచ్చిన్రు రిటైరైన నాడు.
ఇత్తడి నల్లబడి ఇప్పుడు
'గుర్తుగా' ఒక్కటే కనబడుతది.

నిద్ర పట్టలే.
ఎదురుగాలి సంగతి యాదికొచ్చింది.
కొత్త బంతి, కాలనీ ఎండు, వీపు మీద గాలి మురహరికి.
బ్యాట్స్‌మన్ కాళ్లు కుదురుకున్నంక
బంతి యాకయ్య చేతిల పెట్టి
మురహరి నీళ్లట్యాంకు నీడకు పోయెటోడు.
గూడ్సుషెడ్డు దిక్కు నుంచి యాకయ్య ఉరికొస్తుంటే
వెనక రామగుండం బొగ్గుబండి,
బంతి కనబడ్తలేదని బ్యాట్స్‌మన్ చెయ్యెత్తుడు,
యాభై ఎనిమిది వ్యాగన్లు పోయేదాక
నడుం మీద చెయ్యేసుకొని యాకయ్య నిలబడుడు.

కాని ఇవి సాకులు.
క్యాచులు అందరియ్యీ జారినయి.
సాకులకు గడి గీస్తే ఏ పుస్తకమూ సాలదు.
స్కోరరును నేను, వకీలును కాదు.

అయితే తప్పు ఇంకో దగ్గర దొరికింది, నా లెక్కలనే.
ఎనుమాముల యార్డుల
రాశి నుంచి పిడికెడు మిర్చి తీసి
ఆ రాశి పక్కకే పెట్టి చూసినట్టు చేసిన.
లీగు సగటుల యాకయ్య కూడ ఉన్నడు గదా.

అతన్ని తీసేసిన.
లక్షా పన్నెండు వేల నూట నలభై పరుగులు,
ఐదువేల నూట ఎనభై వికెట్లు.
రెండుసార్లు భాగించిన, మూడోసారి మనవరాలి క్యాలిక్యులేటర్ల.
ఇరవై ఒకటి పాయింట్ అరవై ఐదు.

తేడా పావు పరుగు.
పద్నాలుగు ఎండకాలాలు ఉరికిన మనిషి
లీగుల ఉన్నడనేటందుకు ఆనవాలు, పావు పరుగు.

ఆ పావుల ఎవరున్నరో వెతికిన.
యాకయ్య ఉంటే సగటు కంటె మంచోళ్లు,
యాకయ్య లేకుంటే సగటు కంటె తక్కువోళ్లు.
ముగ్గురు తేలిన్రు.
ఒకరు పంటి డాక్టరు. ఒకరు సచ్చిపోయిండు.
మూడో పేరు కాడ కండ్లద్దాలు తుడుసుకున్న.
మురహరి, ఇరవై ఒకటి పాయింట్ ఎనిమిది.

'లీగు సగటును మించిన బౌలర్' అని
వాళ్లింట్ల సోఫా మీద అద్దం కట్టించిన కాగితం ఉంటది.
ఎర్ర సిరాతో రాసింది నేనే.

పొద్దుగాల హన్మకొండ చౌరస్తా, చెక్కెటోని డబ్బా.
చీటీ ఇచ్చిన:
గజ్జెల యాకయ్య. 420 వికెట్లు. సగటు 25.
లీగు సగటు 21.9.
ఈయన లేకుంటే 21.65.

"గిదేం లెక్క సారూ, ఎవరికి సమజైతది?"
"ఒక్కనికి సమజైతే సాలు."

అక్షరానికి నాలుగు రూపాయలన్నడు,
అంకెలకూ అంతేనట.
పాయింట్లకు ఎంతని అడిగిన.
ఉలి కొస గోటితో సూసుకుంట
చుక్కలకు పైసలు తీస్కోనన్నడు.