గైర్హాజరు

ఆవిడ మాట్లాడుతుంటే
నా కలం వెనకబడేది.
త్రియెస్తే నగర సభలో ఇరవై ఆరేళ్లు మినిట్స్ రాసినవాణ్ణి,
ఎవరి వాక్యం ఎక్కడ అబద్ధంలోకి మళ్లుతుందో
సిరా కంటే ముందు నా వేళ్లకు తెలిసేది.

నీవెస్ జెర్యాల్.
తండ్రి ఓడల రేవులో వెల్డరు, ఒక కన్ను నిప్పురవ్వకిచ్చాడు.
ఇంట్లో స్లొవీన్, బడిలో ఇటాలియన్,
రెండింట్లోనూ ఆమెది పక్కింటి యాసే.
పంతొమ్మిదేళ్లు నీళ్ల మీటర్లు చూసింది,
టార్చిలైటు, నోటుబుక్కు, మోకాళ్లకు మురికి.
ఏ మెట్ల కింద ఏ ముసలమ్మ
వారానికోసారే తలంటుకుంటుందో తెలుసు.
ముల్లు కదలని ఇంటి తలుపు
అందరికంటే ముందు తట్టింది తనే.
మూడుసార్లు అంబులెన్సుని పిలిచింది,
ఒకసారి పాదిరీని.

ఎందుకు నిలబడ్డావంటే
"మీటర్లు వాటంతటవే చదువుకోవడం నేర్చాయి, నా పని పోయింది" అనేది.
నలభై ఒక్క ఓట్లతో గెలిచింది.
మొదటి ప్రసంగం నాలుగు నిమిషాలు:
బోరా గాలి లేచినప్పుడు పట్టుకోడానికి
సాన్ జాకొమో ఏటవాలు వీధికి ఒక తాడు కావాలని.
సభ నవ్వింది. 'నవ్వులు' అని రాసుకున్నాను.
ఆ జనవరిలో గాలి ఒక పోస్ట్‌మ్యాన్‌ని గోడకేసి కొట్టింది.
ఫిబ్రవరిలో తాడొచ్చింది.

ఇదంతా పొగడ్త అనుకోకండి.
పాత స్నానశాల మూసేయాలన్న రోజు
ఓటింగుకు ముందు ఆవిడ కాఫీకని లేచింది.
పార్టీ అలా చెప్పింది.
వేడినీళ్లు లేని ఇళ్లెన్నో
ఆ హాల్లో ఆమె ఒక్కదానికే తెలుసు.
నేను రాశాను: గైర్హాజరు.

మర్నాడు నా బల్ల దగ్గరకొచ్చింది,
కోటు ఇంకా విప్పలేదు.
"ఆ మాట మార్చు. నేను తలుపు వెనకే ఉన్నాను,
చేతిలో కప్పు వణుకుతోంది,
చేతులు లెక్కపెట్టడం వినిపిస్తూనే ఉంది. అలా రాయి."
అనుకూలం, వ్యతిరేకం, తటస్థం, గైర్హాజరు.
నాకున్నవి నాలుగు గడులే.
చూపించాను.
చాలాసేపు చూసింది,
మీటరు చూసినట్టు, వంగి.

తర్వాతి ఎన్నికల్లో ఓడింది. ఆ తర్వాత రెండుసార్లు గెలిచింది.
పదవి దిగేటప్పుడు ఇచ్చిన వెండి పళ్లెం మీద
పేరులో ఒక అక్షరం తప్పు.

నిన్న గాలి గంటకు నూరు కిలోమీటర్లు దాటింది.
నేను రిటైరై ఆరేళ్లు, మోకాలు మాట వినదు.
సగం ఎక్కాక తాడందుకున్నాను.
పైనుంచి ఎవరో దిగుతున్నారు, తలగుడ్డ ఎగిరిపోతూ.
ఒకే తాడు, ఎదురెదురుగా ఇద్దరం,
ఎవరో ఒకరు వదలాలి.
నీవెసే.
నన్ను గుర్తుపట్టిందో లేదో,
ముందు తనే వదిలేసి
గోడకి ఆనుకుంది.