తోకల లెక్క

ప్లాస్టిక్‌లో కోసిన మర
పట్టుమని ఐదేళ్లు నిలవదు.
బ్యాటరీ మార్చాలని స్క్రూ విప్పిన ప్రతిసారీ
కాస్త తెల్లటి పొట్టు రాలుతుంది.
చివరికి స్క్రూ తిరుగుతూనే ఉంటుంది,
బోసినోటివాడు చెరకు నమిలినట్టు.

అందుకే తీగచుట్ట.

మరీన్యా గ్రాండ్‌లో, పైన్ అడవి అంచున,
రేకుల షెడ్డులో మూడో బల్ల దియోలిందది.
కేప్ వెర్ద్ దీవుల నుంచి వచ్చి
ఆ బల్లకి రెండో కొసన నేను కూర్చుని తొమ్మిదో రోజు.
ఆమె నన్ను పిల్లోడా అంటుంది.

ఆ నెల పని సెలైన్ పంపుల వెనక మూతలు.
మూతకు నాలుగు రంధ్రాలు, ట్రేకి పన్నెండు మూతలు.
మొదటి ఆరూ నావి, తర్వాతివి ఆమెవి.

"చుట్టని ముందు వేళ్ల మధ్య పట్టుకో.
బొక్క కంటే లావుగా ఉందా? ఉండాలి.
లోపలికి వెళ్లాక ఒళ్లు విరుచుకోవాలని చూస్తుంది,
గోడ విరుచుకోనివ్వదు.
ఆ పంతమే దాని పట్టు.
జిగురు లేదు, మంట లేదు."

కింది కొసన లోపలికి వంగిన బుల్లి తోక.
కడ్డీ గాడి ఆ తోకను పట్టుకుని
కుడివైపుకి లాక్కుపోతుంది.
నెట్టకూడదు.
నెట్టాను.
ఒక చుట్టు తన మర వదిలి పక్క మరలోకి దూకింది.
నాడి చూసే వైద్యుడిలా
ఆమె నా మణికట్టు మీద రెండు వేళ్లు వేసింది.
"దారి స్టీలుకి తెలుసు. వెంట వెళ్లు, చాలు."

పై అంచుకి పావు చుట్టు కిందికి దిగగానే ఆగాలి.
మూత కింద చెక్క దన్ను పెట్టి
సన్నటి పోటుకడ్డీతో ఒక్క దెబ్బ.
టిక్.
దారి చూపించిన తోక అక్కడితో సరి.
అది ఉంటే స్క్రూ కిందికి దిగదు.

రాలిన తోకలన్నీ గాజుగ్లాసులో వెయ్యాలి.
ఆ గ్లాసు ఆమె భర్త ఊదిందట,
కొలిమి మూతపడే ముందు వారం.
అడుగున ఒక బుడగ ఉండిపోయింది.

రంధ్రాలు నలభై ఎనిమిది.
సాయంత్రం తోకలు లెక్కపెడితే నలభై ఏడు.
మళ్లీ లెక్కపెట్టాం.
నలభై ఏడు.
ఫిర్మీనో తాళంచెవులు ఊపుతూ గుమ్మంలో నిలబడ్డాడు:
"గోటి చివరంత లేదు, ఊడ్చినప్పుడు పోయుంటుంది."
దియోలింద తల ఎత్తలేదు.
"పంపులో దొర్లుతూ దొర్లుతూ
ఏ అర్ధరాత్రో సర్క్యూటు మీద పడితే?
మంచం మీద ఉన్నదెవరో నీకు తెలుసా?"

చీపురు కట్టు విప్పాం.
నా స్వెట్టరు దులిపాం, ఆమె బూట్లు బోర్లించాం.
నేలంతా అయస్కాంతం ఈడ్చాం:
ఒక నాణెం, రెండు గుండుసూదులు,
ఎవరిదో చెవిపోగు శీల.
ఎవరూ అనకుండానే నేను
నా ఆరు మూతల్నే తిరగేస్తున్నాను,
తిరగేసిందే తిరగేస్తున్నాను.
బయట ఆఖరి బస్సు గేరు మార్చుకుని వెళ్లిపోయింది.

ఆమె ఒక్కో మూతనీ దీపానికి ఎత్తి చూసింది.
ముప్పై ఒకటో రంధ్రం.
తోక విరగలేదు. వంగి,
గోడకి ఒదిగి పడుకుంది.

కళ్లజోడు తీసి యాప్రాన్‌తో తుడిచింది.
పెట్టుకుంది. మళ్లీ తీసి తుడిచింది.
"నా వరస," అంది, ఫిర్మీనోకి వినపడేలా.
చుట్టను పెరికే రెండంచుల కడ్డీ
నా వైపు జరిపింది.

పెరికాను. కొత్తది ఎక్కించాను.
నెట్టలేదు.
టిక్.
గ్లాసులోకి నలభై ఎనిమిదోది.
పాత చుట్ట, తోకతో సహా, ఆమె జేబులోకి.

ఫిర్మీనో తన కారులో దింపుతానన్నాడు.
పైన్ బంక వాసన, తడి రోడ్డు, ఎవరికీ మాటల్లేవు.
వెనక సీట్లో ఆమె చెయ్యి
జేబులో ఏదో తిప్పుతూనే ఉంది.
మలుపు దగ్గర దిగి, తలుపు వెయ్యబోతూ ఆగింది.

"నీ పేరేంటన్నావు, పిల్లోడా?"