నలభై రెండో సెంటీమీటరు

పీవీసీ గొట్టాన్ని నిలువునా కోసి
రెండు చెక్కలుగా విప్పాను.
ఎనభై సెంటీమీటర్ల బురద,
బ్రాడీపేటలో నా అద్దెగది గచ్చు మీద
పాత పేపర్లు పరిస్తే వాటి మీద పడుకుంది.
డిపార్ట్‌మెంటులో మూడ్రోజులుగా కరెంటు లేదు మరి.

ఇంటావిడ గుమ్మం దాటలేదు.
"ఏంటమ్మా ఈ కంపు?"
"సముద్రమండీ."
"సముద్రమైతే సూర్యలంక పోయి చూసుకో.
మొన్నటి ఇసకే నా బాత్రూం తూములో ఇంకా దిగలేదు."
నిజమే. దిగలేదు.

గట్టి దారంతో కోస్తాను, ఉడికిన గుడ్డు కోసినట్టు,
ఒక్కో సెంటీమీటరూ ఒక్కో కవరు,
కవరు మీద అంకె, నా పొట్టి సంతకం.
చిటికెడు తీసి ముందుపళ్ల మధ్య పెడతాను
(మా సారు నేర్పిన మొదటి పాఠం ఇదే),
కరకరమంటే సిల్టు, వెన్నలా జారితే బంకమన్ను.
పై ఇరవైలో ఏటి రేణువు దాదాపు లేదు.
అది సీతానగరం దగ్గరే లారీలెక్కి
ఎవరి శ్లాబులోనో గట్టిపడి ఉంటుంది.
ఈ వాక్యాన్ని థీసిస్‌లో ఇంకాస్త మర్యాదగా రాశాను.

నలభై రెండు దగ్గర దారం తెగింది.
ఇసక. తెల్లగా, గరుగ్గా,
బొటనవేలు మందం. గవ్వముక్కలు.
పైన బురదే, కింద బురదే,
మధ్యలో ఎవరో ఒక్క రాత్రి వచ్చి పోయినట్టు.

సాయంత్రం కొక్కిలిగడ్డ నాంచారయ్య వచ్చాడు.
పెద్దాసుపత్రిలో కంటి ఆపరేషన్,
ఒక కన్ను మీద ఆకుపచ్చ గుడ్డ,
చేతిలో నేను పడవలో మర్చిపోయిన కొలతటేపు.
టీ తాగుతూ కిందికి చూశాడు.
"మన మడ కిందదేనా?"
మనదే అన్నాను.
గొంతుకూర్చున్నాడు. ఏమీ అడగలేదు,
నేనేమీ చెప్పలేదు,
తిన్నగా తెచ్చి బొటనవేలు నలభై రెండు మీద పెట్టాడు.

"ఇది ఏటి ఇసక కాదు. ఉప్పెన ఇసక.
మా చెల్లి చెవుల్లోంచి అమ్మ పిన్నీసుతో తీసింది ఇదే.
పూడ్చే ముందు.
దానికప్పుడు నాలుగేళ్లు."

సంతలో చేపల ధర చెప్పినట్టు చెప్పాడు.
టీ గ్లాసు కడగబోతే నేనే లాక్కున్నాను.

రాత్రి సారుకి ఫోన్ చేశాను.
"సీసం పరీక్ష వచ్చేదాకా ఏ తుపానో రాయకు.
డెబ్బై ఏడు కావచ్చు, కాకపోవచ్చు.
ముందుకో ఆరేళ్లు, వెనక్కో ఆరేళ్లు పెట్టుకో."
ఆయన తప్పు చెప్పలేదు.
నేనైనా నా విద్యార్థికి అదే చెబుతాను.
కానీ ఆ పన్నెండేళ్ల ఖాళీలో
నాలుగేళ్ల పిల్ల మూడుసార్లు పడుతుంది.

ఇక మిగిలిన పని.
ఓవెన్‌లో ఆరబెట్టి,
యాసిడ్ పోస్తే గవ్వలు బుస్సుమని కరిగిపోతాయి,
ఆరు జల్లెళ్లు ఒకదాని మీద ఒకటి,
పదిహేను నిమిషాల ఊపు.
అట్టడుగు పళ్లెంలో నల్లపొడి, రెండు మూడు ఎర్ర గోమేధికాలు,
ఏ కొండ నుంచి బయల్దేరాయో
ఎన్ని వేల ఏళ్లు నడిచాయో
అవి చెప్పవు, మనమే ఊహించి పేపర్లు వేసుకుంటాం.

జల్లెడ పట్టేముందు తూకం వేశాను.
మిగతా కవర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి.
నలభై రెండు మాత్రం కొంచెం తక్కువ తూగింది,
బురదలో ఇంకా వేలిముద్ర లోతుంది,
గీతలు కూడా తెలుస్తున్నాయి.
అంత ఇసక ఆయన తువ్వాలుకంటుకుని
రేపల్లె బస్సెక్కిందన్నమాట.

నా పట్టికలో చివరి గడి పేరు 'నష్టం, కారణం'.
నష్టం రాశాను: సున్నా పాయింటు నాలుగు గ్రాములు.
పక్కన పెన్ను పెట్టి
చాలాసేపు కూర్చున్నాను.

బయట ఇంటావిడ తూములోకి
బకెట్టు నీళ్లు కుమ్మరిస్తోంది.